జీతం కోసిన నెలే లెక్క మారిపోతుంది: గోదావరి డెల్టాలో హోదా తగ్గింపు, తొలగింపు పరిహారం తగాదాలు

సంక్షిప్తంగా: ఉద్యోగం పోయినప్పుడు చేతికి వచ్చే డబ్బుకు ఆధారం చివర్లో తీసుకున్న జీతమే. హోదా తగ్గించి జీతం కోసినప్పుడు మాట్లాడకుండా ఉంటే, తర్వాత తీసేసినప్పుడు పరిహారం, గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) రెండూ తగ్గుతాయి. రెండో చిక్కు, ఆ ఉద్యోగి చట్టం దృష్టిలో కార్మికుడా, మేనేజరా అన్నది. 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి కొన్ని పరిమితులను మార్చాయి. చివరి జీతమే ఆధారం అన్న సూత్రం మాత్రం అలాగే ఉంది.

చివరి రోజు కన్నా ముందటి నెలలు

ఉద్యోగం పోయినవారు చెప్పే కథ సాధారణంగా చివరి రోజుతో మొదలవుతుంది. గేటు దగ్గర ఆపేశారు, రేపటి నుంచి రావద్దన్నారు, సంతకం పెట్టి లెక్క తేల్చుకోమన్నారు. డబ్బు తగాదా మూలం మాత్రం చాలాసార్లు అంతకు నాలుగైదు నెలల ముందు ఉంటుంది. ఆపరేటర్‌ను హెల్పర్‌గా మార్చి ఉంటారు. రైస్ మిల్లులో లెక్కలు చూసే గుమస్తాను కాటా దగ్గర కూర్చోబెట్టి ఉంటారు. స్కూల్లో ఇన్‌చార్జిగా ఉన్న టీచర్‌ను ఇన్‌చార్జి బాధ్యత నుంచి తప్పించి, దానికి ఇచ్చే డబ్బు ఆపేసి ఉంటారు. 'ఈ సీజన్ గడవనీ, మళ్లీ చూద్దాం' అన్న నోటి మాట తప్ప చేతిలో కాగితం ఉండదు.

ఆ సమయంలో ఎక్కువ మంది ఊరుకుంటారు. ఇంటి దగ్గర ఉద్యోగం, పిల్లల చదువు, ఊళ్లో యజమానితో ఉన్న ముఖపరిచయం, అన్నీ కలిసి నోరు కట్టేస్తాయి. ఇది అర్థం చేసుకోదగ్గదే. కానీ చట్టం ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా చదివే ప్రమాదం ఉంది. నష్టం మొదలయ్యేది అక్కడే.

డెల్టాలో ఇవి ఎందుకు తలెత్తుతున్నాయి

గోదావరి డెల్టాలో ప్రైవేటు ఉద్యోగాలు చాలావరకు సీజన్ మీద నడుస్తాయి. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కోతలను బట్టి రైస్ మిల్లులు, పంట చేతికొచ్చే రోజులను బట్టి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, అడ్మిషన్లను బట్టి స్కూళ్లు, కాలేజీలు మనుషులను పెంచుకుంటాయి, తగ్గించుకుంటాయి. పని తగ్గినప్పుడు నేరుగా తీసేస్తే నోటీసు, పరిహారం ఇవ్వాలి. హోదా తగ్గిస్తే అప్పటికప్పుడు ఇవ్వాల్సిన డబ్బేమీ లేదు, పైగా జీతం ఖర్చు తగ్గుతుంది. కొందరు విసిగిపోయి తామే మానేస్తారు. అప్పుడు పరిహారం ప్రసక్తే రాదు. యాజమాన్యాల్లో అందరూ ఈ ఉద్దేశంతోనే చేస్తారని అనలేం. నిజంగా మనిషిని వదులుకోవడం ఇష్టం లేక చిన్న పోస్టులో ఉంచినవారూ ఉంటారు. ఉద్దేశం ఏదైనా ఉద్యోగి లెక్క మీద పడే ప్రభావం ఒకటే.

ఆక్వా రంగంలో ఈ ఒత్తిడి ఎక్కువ. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి వచ్చే సరుకుకు అమెరికా పెద్ద మార్కెట్. 2025 ఆగస్టు నెలలోనే భారత సరుకుల మీద అమెరికా సుంకం ముందు 25 శాతానికి, తర్వాత 50 శాతానికి చేరింది. అలాంటి దెబ్బ తగిలినప్పుడు ముందు చెరువు గట్టు మీద కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర) పడిపోతుంది. ఆ తర్వాత ప్లాంటులో షిఫ్టులు తగ్గుతాయి. షిఫ్టు తగ్గితే షిఫ్టుకో సూపర్‌వైజర్, షిఫ్టుకో ఆపరేటర్ అవసరం ఉండదు. హోదా తగ్గింపు మాట అప్పుడే వస్తుంది.

మూడు నెలల కిటికీ

ఉద్యోగి తప్పేమీ లేకుండా పని తగ్గిందని తీసేయడాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. ఏడాది పాటు నిరంతర సర్వీసు ఉన్న కార్మికుడిని ఇలా తీసేయాలంటే ఒక నెల రాతపూర్వక నోటీసు గానీ దానికి బదులు ఒక నెల వేతనం గానీ ఇవ్వాలి. పూర్తయిన ప్రతి సర్వీసు సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. చివర్లో ఆరు నెలలు దాటిన భాగం ఉంటే దాన్నీ ఏడాదిగా లెక్కిస్తారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని ఈ నియమం 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కొనసాగింది.

ఇక్కడ 'సగటు వేతనం' అన్న మాట దగ్గర ఆగి చూడాలి. నెల జీతగాడి విషయంలో అది మొత్తం సర్వీసు సగటు కాదు. తొలగింపునకు ముందటి పూర్తి మూడు క్యాలెండర్ నెలల సగటు. అంటే పన్నెండేళ్లు పెద్ద జీతం తీసుకుని, చివరి నాలుగు నెలలు చిన్న జీతం తీసుకుంటే, పన్నెండేళ్లకూ ఆ చిన్న జీతం మీదే లెక్క కడతారు.

గ్రాట్యుటీ కూడా చివర తీసుకున్న వేతనం మీదే. నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేస్తారు. రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి మాత్రం 26 కాదు, నెలకు 30 రోజుల లెక్కే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ప్రాసెసింగ్ ప్లాంటులో అమ్మోనియా కంప్రెసర్లు నడిపే రిఫ్రిజిరేషన్ ఆపరేటర్. పన్నెండేళ్ల సర్వీసు. బేసిక్, డీఏ కలిపి 26,000 రూపాయలు. అతన్ని హెల్పర్‌గా మార్చి వేతనం 18,200 చేశారు. నాలుగు నెలల తర్వాత పని లేదని తీసేశారు.

పాత వేతనం మీద లెక్క కడితే గ్రాట్యుటీ ఏడాదికి 15,000 చొప్పున 1,80,000. పరిహారం ఏడాదికి 13,000 చొప్పున 1,56,000. నోటీసుకు బదులు ఒక నెల వేతనం 26,000. మొత్తం 3,62,000 రూపాయలు.

తగ్గించిన వేతనం మీద గ్రాట్యుటీ 1,26,000, పరిహారం 1,09,200, నోటీసు వేతనం 18,200. మొత్తం 2,53,400. తేడా 1,08,600 రూపాయలు. ఆ నాలుగు నెలల్లో జీతంలో పోయిన 31,200 దీనికి అదనం.

చట్టానికి ఈ అన్యాయం తెలియదని కాదు. 1972 గ్రాట్యుటీ చట్టంలో ఒక మినహాయింపు ఉండేది. ప్రమాదం వల్లనో జబ్బు వల్లనో అంగవైకల్యం వచ్చి, తక్కువ వేతనం మీద కొనసాగిన ఉద్యోగికి గ్రాట్యుటీని రెండు ముక్కలుగా లెక్కించాలి. అంతకుముందు కాలానికి పాత వేతనం, తర్వాతి కాలానికి కొత్త వేతనం. దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్ కూడా దీన్ని నిలుపుకుంది. యాజమాన్యం హోదా తగ్గించిన సందర్భానికి మాత్రం ఇలాంటి రక్షణ రాయలేదు. అక్కడ ఉద్యోగికి ఉన్న దారి ఒకటే. హోదా తగ్గింపే చెల్లదని వాదించి, పాత వేతనాన్నే చివరి వేతనంగా నిలబెట్టుకోవడం.

హోదా తగ్గింపులో కనిపించని ఇంకో దెబ్బ సీనియారిటీ. పని తగ్గినప్పుడు ఒక విభాగంలో చివర చేరినవారిని ముందు తీయాలని చట్టం చెబుతుంది. ఆపరేటర్ల విభాగంలో అందరికన్నా పాతవాడు హెల్పర్ల విభాగానికి వెళ్తే, అక్కడ అతనే అందరికన్నా కొత్త అని యాజమాన్యం వాదించడానికి వీలు దొరుకుతుంది.

హోదా తగ్గించే హక్కు ఎంతవరకు

నియామక పత్రాల్లో తరచుగా ఒక వాక్యం కనిపిస్తుంది: 'మీ హోదా, విధులు, పని చేసే చోటు సంస్థ అవసరాన్ని బట్టి మార్చవచ్చు.' దాని మీద సంతకం పెట్టాం కాబట్టి ఏం చేసినా చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. అంత దూరం వెళ్లదు. బదిలీ, విధుల సర్దుబాటు సర్వీసులో భాగమే. భీమవరం యూనిట్ నుంచి కాకినాడ యూనిట్‌కు అదే జీతం మీద, అదే స్థాయిలో పంపితే కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవు. జీతం, స్థాయి తగ్గితే అది బదిలీ అనిపించుకోదు.

హోదా తగ్గింపు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి శిక్షగా. దీనికి ఆరోపణలు రాసి ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరపాలి, ఆ శిక్ష సర్వీసు నిబంధనల్లో ఉండాలి. రెండోది వ్యాపార అవసరం పేరుతో. కార్మికుల వేతనాలనో గ్రేడ్లనో వారికి నష్టం కలిగేలా మార్చాలనుకుంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది పాత చట్టంలోని 9ఎ సెక్షన్. కొత్త కోడ్‌లో అదే 40వ సెక్షన్. నోటి మాటతో, వాట్సాప్ మెసేజ్‌తో జరిగే మార్పులు ఈ పరీక్ష దగ్గరే బలహీనపడతాయి.

ప్రభుత్వ ఉద్యోగంతో పోల్చితే తేడా స్పష్టం. రాజ్యాంగం 311వ అధికరణ ప్రకారం సివిల్ సర్వీసు ఉద్యోగిని డిస్మిస్ చేయాలన్నా, తొలగించాలన్నా, హోదా తగ్గించాలన్నా కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప విచారణ తప్పనిసరి. నేరుగా ఒక పోస్టులో చేరిన వ్యక్తిని ఆ పోస్టు కన్నా కిందకు దించలేరని 1988లో ప్రభుత్వ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రక్షణ ప్రైవేటు ప్లాంటు ఉద్యోగికి నేరుగా రాదు. అతనికి ఉన్నది కార్మిక చట్టం మాత్రమే, అదీ అతను చట్టం దృష్టిలో కార్మికుడైతేనే.

కార్డు మీద మేనేజర్, చేతిలో పానా

ఈ తగాదాల్లో అతి ఖరీదైన పదం 'మేనేజర్'. డెల్టాలో చిన్న సంస్థలు జీతం పెంచలేనప్పుడు హోదా పేరు పెంచుతాయి. ఫీల్డ్ టెక్నీషియన్ 'ఏరియా మేనేజర్' అవుతాడు, స్టోర్ గుమస్తా 'స్టోర్స్ మేనేజర్' అవుతాడు. పెళ్లి సంబంధాల దగ్గరా, బంధువుల్లోనూ ఆ పేరుకు విలువ ఉంటుంది. తొలగింపు రోజున అదే పేరు అడ్డం తిరుగుతుంది.

మేనేజర్ స్థాయి, పరిపాలన బాధ్యతలు ఉన్నవారు కార్మికుల నిర్వచనంలోకి రారు. సూపర్‌వైజర్లు నెలకు 18,000 రూపాయలు దాటిన వేతనం తీసుకుంటే రారు. 2010 నుంచి పాత చట్టంలో ఈ హద్దు 10,000 ఉండేది. చేతిపని, నైపుణ్యంతో కూడిన పని, సాంకేతిక పని, గుమస్తా పని చేసేవారికి మాత్రం జీతం హద్దు లేదు. అందుకే పై ఉదాహరణలోని ఆపరేటర్ 26,000 తీసుకున్నా కార్మికుడే. అతని పక్కనే షిఫ్టు చూసే సూపర్‌వైజర్ 19,000 వేతనానికే బయట ఉండిపోవచ్చు.

అయితే కోర్టులు కార్డు మీద పేరును చూసి ఊరుకోవు. రోజంతా ప్రధానంగా చేసే పని ఏమిటో చూస్తాయి. సెలవులు మంజూరు చేసే అధికారం ఉందా, మనుషులను తీసుకునే లేదా పంపే మాట చెల్లుతుందా, చెక్కుల మీద సంతకం ఉందా, లేక రోజూ యంత్రం దగ్గరే ఉంటాడా? 1994లో ఒక చెప్పుల కంపెనీ షాపు మేనేజర్ కేసులో సుప్రీంకోర్టు ఈ కొలతతోనే చూసి, అతను కార్మికుడు కాడని తేల్చింది. ఆ కొలతే వేరే వాస్తవాలున్న చోట కార్మికుడి పక్షాన తిరగవచ్చు.

కార్మికుడు కాడని తేలితే ఏమవుతుంది? తిరిగి ఉద్యోగంలో పెట్టించే అధికారం సివిల్ కోర్టుకు సాధారణంగా ఉండదు. వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించలేరన్నది ఎప్పటినుంచో ఉన్న సూత్రం. మిగిలేది నష్టపరిహారం. అది కూడా ఎక్కువగా ఒప్పందంలో రాసిన నోటీస్ పీరియడ్ జీతం దగ్గరే ఆగుతుంది. పదిహేనేళ్లు పనిచేసిన మేనేజర్‌కు ఒప్పందంలో నెల నోటీసు ఉంటే, కోర్టులో గెలిచినా ఒక నెల జీతమే రావచ్చు. మేనేజర్లు ఎక్కువగా మర్చిపోయేది గ్రాట్యుటీ. దానికి జీతం హద్దు లేదు. పది మంది, ఆపైన పనిచేసే సంస్థల్లో ఐదేళ్లు నిండిన మేనేజర్‌కూ అది హక్కే, రాజీనామా చేసినా సరే.

షాపులు, చిన్న ఆఫీసుల ఉద్యోగులకు ఇంకో చట్టం ఉంది. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం. ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం, నెల నోటీసు లేదా దానికి బదులు వేతనం లేకుండా తీసేయకూడదని అది చెబుతుంది. ఇది రాష్ట్ర చట్టం. కేంద్ర కోడ్‌లు వచ్చినంత మాత్రాన పోలేదు.

స్కూళ్లు, కాలేజీల దారి వేరు

కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, తణుకు, ఏలూరు పట్టణాల్లో ప్రైవేటు విద్యాసంస్థలు పెద్ద ఉపాధి వనరు. ఇక్కడి తగాదాలు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. అడ్మిషన్ల టార్గెట్ పూర్తి కాలేదని ఇన్‌చార్జి పోస్టు తీసేయడం, వేసవి జీతం ఆపడం, జూన్‌లో కొత్త ఒప్పందం పేరుతో తక్కువ జీతం చెప్పడం.

టీచర్లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. కాబట్టి ఆపరేటర్‌కు ఉన్న దారి టీచర్‌కు లేదు. కానీ 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం ప్రైవేటు విద్యాసంస్థల సిబ్బందిని డిస్మిస్ చేయాలన్నా, తొలగించాలన్నా, హోదా తగ్గించాలన్నా ఆరోపణలు తెలిపి విచారణ జరపాలంటుంది. హోదా తగ్గింపు అన్న మాట చట్టంలోనే ఉండటం ఇక్కడ పెద్ద బలం. గ్రాట్యుటీ విషయంలో కూడా టీచర్లకు హక్కుంది. 2009 సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా వారిని చేర్చింది. ప్రైవేటు స్కూళ్లు దాన్ని సవాలు చేసినా 2022లో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది.

అడ్డంకి చట్టంలో కన్నా అల్మరాలో ఉంటుంది. చేరేటప్పుడు ఇచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం దగ్గరే ఉండిపోతే, కొత్త ఉద్యోగంలో చేరాల్సిన టీచర్ బకాయి వదులుకుని సంతకం పెట్టేస్తుంది.

'తనే మానేశాడు' అనే జవాబు

పరిహారం అడిగినప్పుడు ఎదురయ్యే జవాబుల్లో ఇది ముఖ్యమైనది. హోదా తగ్గించాక నాలుగు రోజులు అలిగి ఇంట్లో ఉన్న ఉద్యోగి పేరును మస్తర్ (హాజరు పట్టీ) నుంచి కొట్టేసి, పని వదిలి వెళ్లిపోయాడని రాస్తారు. 1982లో ఒక తీర్పులో, గైర్హాజరు కారణంగా పేరు కొట్టేయడం కూడా రిట్రెంచ్‌మెంటే అవుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. వినే అవకాశం ఇవ్వకుండా అలా తొలగించడం సహజ న్యాయానికి విరుద్ధమని 1993లో మరో తీర్పు చెప్పింది. ఈ రెండు తీర్పులూ కార్మికుడి వైపు బలమైనవే. కానీ పని చేస్తానని తాను వచ్చినట్టు చూపించాల్సి వచ్చినప్పుడు కాగితం కావాలి. స్పీడ్ పోస్టులో పంపిన ఒక్క ఉత్తరం, 'నేను పనికి సిద్ధం, లోపలికి రానివ్వలేదు' అన్న ఒక్క వాక్యం, తర్వాత పదిమంది సాక్షుల కన్నా బరువు తూగుతుంది.

హోదా తగ్గించిన రోజునా అంతే. కొత్త పనిలో చేరడం తప్పనిసరైతే చేరవచ్చు. 'అభ్యంతరంతో చేరుతున్నాను, నా పాత హోదా, వేతనంపై హక్కు వదులుకోలేదు' అని రాసి ఇచ్చి, కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోవాలి. అదీ కుదరకపోతే ఈమెయిల్ చాలు. మూడు నెలల కిటికీలో ఏ జీతం పడాలన్న వాదనకు పునాది ఇదే.

రొయ్యల పొట్టు తీసే పీలింగ్ షెడ్లలో కాంట్రాక్టర్ ద్వారా వచ్చే మహిళల పరిస్థితి ఇంకా కష్టం. ఏడాది నిరంతర సర్వీసు అంటే ముందటి పన్నెండు నెలల్లో 240 రోజులు. వేతనంతో కూడిన ఆదివారాలు, సెలవులు ఇందులో కలుస్తాయని 1985 తీర్పు ఉంది. అయితే 240 రోజులు చేశామని నిరూపించే భారం కార్మికుల మీదే ఉందని 2002లో కోర్టు చెప్పింది. హాజరు పుస్తకం కాంట్రాక్టర్ దగ్గర ఉంటుంది. పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ చందా ఎంట్రీలు, బ్యాంకు ఖాతాలో పడిన కూలి, ఇవే వారికి దొరికే రుజువులు.

కోడ్‌లతో మారినవి

నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. పద్దు పుస్తకం మీదే నడిచే మిల్లులకు ఇది కొత్త. తొలగించినా, రాజీనామా చేసినా వేతన బకాయి రెండు పని దినాల్లో చెల్లించాలి. 'ఫుల్ అండ్ ఫైనల్ నలభై ఐదు రోజుల తర్వాత' అన్న అలవాటు వేతనం విషయంలో దీనికి ఎదురు వెళ్తుంది. నిర్ణీత కాల ఉద్యోగికి ఏడాది నిండితే గ్రాట్యుటీ వస్తుంది. కానీ గడువు ముగిసి ఉద్యోగం పోతే అది రిట్రెంచ్‌మెంట్ కాదు, పరిహారం రాదు. సీజన్ సంస్థలు ఈ పద్ధతి వైపు వెళ్లే అవకాశం ఎక్కువ.

వేతనం నిర్వచనం కూడా మారింది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. మొత్తం 30,000లో బేసిక్ 10,000, అలవెన్సులు 20,000 ఉంటే, ఎక్కువైన 5,000 కలిపి వేతనం 15,000 అవుతుంది. గ్రాట్యుటీకి ఇది మేలు.

మరోవైపు, ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా తీసేయగల హద్దు 100 మంది నుంచి 300 మందికి పెరిగింది. స్టాండింగ్ ఆర్డర్ల (సంస్థ తప్పనిసరిగా రాసిపెట్టుకోవాల్సిన సర్వీసు నియమాల) హద్దు కూడా 300 అయింది. డెల్టాలో మధ్యస్థాయి ప్లాంట్లు చాలావరకు ఈ గీత కిందే ఉండిపోతాయి. అక్కడ శిక్షలు ఏవి, విచారణ ఎలా అన్న రాతపూర్వక నియమాలు ఉండాలన్న ఒత్తిడి తగ్గినట్టే. హోదా తగ్గింపు తగాదాలు అక్కడ ఇంకా మసకగా మారతాయి.

కేసు నడిచే దారి, చేతికి వచ్చేది

మొదటి మెట్టు కార్మిక శాఖలో రాజీ అధికారి. కొత్త కోడ్ కింద వివాదం తలెత్తిన రెండేళ్లలోపు అక్కడికి వెళ్లాలి. తొలగింపు కేసులకు పాత చట్టంలో మూడేళ్లు ఉండేది. రాజీ కుదరకపోతే, ఆ నివేదిక అందిన 90 రోజుల్లోపు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. గ్రాట్యుటీ దారి వేరు. దాన్ని కాంపిటెంట్ అథారిటీ (పాత చట్టంలో కంట్రోలింగ్ అథారిటీ) తేలుస్తుంది, ఆలస్యానికి వడ్డీ కూడా వేస్తుంది. ఈ రెండు దరఖాస్తులనూ కలిపేసి ఒకే చోట ఇవ్వడం తరచూ జరిగే పొరపాటు.

గెలిస్తే తిరిగి ఉద్యోగం వస్తుందన్న ఆశ ఒకప్పటంత బలంగా లేదు. తొలగింపు అక్రమమైతే పని లేకుండా గడిచిన కాలపు వేతనం ఇచ్చి తిరిగి తీసుకోవడం సాధారణ నియమమని 2013లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అయినా దినసరి కార్మికుల కేసుల్లో, నోటీసు, పరిహారం లాంటి లాంఛనాలు తప్పిన కేసుల్లో ఉద్యోగానికి బదులు ఏకమొత్తం ఇప్పించే ధోరణి పెరిగింది. తీర్పు వచ్చేసరికి ప్లాంటు చేతులు మారి ఉండొచ్చు, మూతపడి ఉండొచ్చు. చివరికి మాట్లాడుకునేది ఒక అంకె గురించే. ఆ అంకె కట్టేటప్పుడు ట్రిబ్యునల్ అడిగే మొదటి ప్రశ్న ఆఖరు వేతనం ఎంత అని. ఆపరేటర్ 26,000 అంటాడు, యాజమాన్యం 18,200 చూపించే పే స్లిప్పులు పెడుతుంది. హోదా తగ్గించిన వారం ఇచ్చిన అభ్యంతర పత్రం ఫైలులో ఉంటే ఆ రెండు అంకెల మధ్య వాదన నడుస్తుంది. లేకపోతే పే స్లిప్పే నిలుస్తుంది.